జెంటూ శబ్దవిచారము

ఈ వ్యాసమునకు కారణము మా చిన్న కుమారుడు. అతడు కంప్యూటరు కొలువులో నున్నాడు. క్రిందటి సంక్రాంతికి ఇంటికి వచ్చినపుడు తన యంత్రమును ముందుంచుకొని, “నాన్నగారూ, దీన్ని నడిపించే వ్యవస్థ పేరు జెంటూ. అది ఒక పెంగ్విన్ పేరు” అని చెప్పెను. “నాయనా, ఆ పేరు పక్షి కంటె ముందు మనది. ఒకప్పుడు ఇంగ్లీషువారి నోట జెంటూ అంటే తెలుగువాడు” అంటిని. అతడు నేను వేళాకోళమాడుచున్నా ననుకొని నవ్వెను. అది వేళాకోళము గాదని అతనికి తెలియజెప్పుటకు మొదలిడి ఇంత దూరము వచ్చితిని. సంఘమువారు ఈ సంచికకు వ్యాసము కోరినపుడు, తరతరములుగా పరభాషల నడుమ కాపురముండు మన కుటుంబములవారికి ఈ మాట కథ తెలియుట మంచిదని తోచినది.

నేను పండితుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా దస్త్రములు వ్రాసి విశ్రాంతి గొన్నవాడను. మాటల మీద నాకు గల అధికారము నకలు వ్రాయువాని అధికారమే. నకలు వ్రాయువాడు ఒక అక్షరము ఎచ్చట మారినదో, ఎవరి చేతిలో మారినదో గమనించుటకు అలవాటుపడి యుండును. ఆ అలవాటుతోనే ఈ మాటను పరిశీలింతును.

జెంటూ యను మాట నేటి ఇంగ్లీషున, పక్షి విషయమున దప్ప, వాడుకలో లేదు. నిఘంటువులు దీనిని కాలము చెల్లిన మాటగా చూపుచున్నవి. యూల్, బర్నెల్ అను నిరువురు కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ అను ఆంగ్లో-ఇండియను పదకోశమున దీనికి రెండర్థములు గలవు. సామాన్యముగా హిందువు డనునది మొదటిది. ప్రత్యేకముగా తెలుగువాడు, తెలుగుభాష యనునది రెండవది. ఆ గ్రంథము వెలువడు నాటికే మాట మూలబడినదనియు, రెండవ యర్థమున మాత్రము చెన్నపట్టణమున ఎచ్చటనైన మిగిలి యుండవచ్చు ననియు వారు వ్రాసిరి.

దీని పుట్టుక పోర్చుగీసు భాషలో నున్నది. ‘జెంటియు’ అని వారి మాట. క్రైస్తవుడు గానివాడు, అన్యదేవతల గొలుచువాడు అని దాని తాత్పర్యము. మన దేశమునకు వచ్చిన పోర్చుగీసువారు ఇచ్చటి మహమ్మదీయులను ‘మూరులు’ అనిరి. తక్కినవారిని ‘జెంటియులు’ అనిరి. స్పెయిను, ఆఫ్రికా తీరములయందు మహమ్మదీయులతో పోరాడిన వారగుటచే మొదటి పేరు వారికి పాతది. రెండవది వారి మతగ్రంథములనుండి వచ్చినది. ఈ రెండు పేర్లలో ఏదియు ఇచ్చటివారిని అడిగి తెలిసికొన్నది గాదు. వచ్చినవారు తమ యోడలలో వెంట తెచ్చుకొన్నవి.

ఆ మాట కావ్యమున నెట్లు నిలిచెనో చూడవలెనన్న కమోయిన్షు మహాకవి రచించిన ‘లూషియాడులు’ చూడవలెను. వాస్కో డ గామా 1498లో మలబారు తీరము చేరిన యాత్రయే ఆ కావ్యమునకు వస్తువు. అది 1572లో అచ్చయినది. అందు మూరులు బద్ధశత్రువులు. జెంటియులు శత్రువులా మిత్రులా యనునది తేలని వారు. ఆ కావ్యమున జెంటియు అనునది ఒక జాతి పేరు గాదు, ఒక గీత. గీతకు ఇవతల మేము, అవతల వారు. అవతలివారి భాష యేది, ఊరేది, వారు తమ్ము తామేమని చెప్పుకొందురు అను ప్రశ్న ఆ మాటలో లేదు. కావ్యము గొప్పది కావచ్చును గాని ఆ మాట మాత్రము అందు కన్ను మూసికొనియే యున్నది.

పోర్చుగీసు నోటినుండి ఇంగ్లీషు నోటికి వచ్చుసరికి అది ‘జెంటూ’ అయ్యెను. నూరేండ్లకు పైగా కంపెనీ దొరలు హిందువులను ఈ పేరనే వ్యవహరించిరి. 1776లో లండనున ‘జెంటూ ధర్మముల సంహిత’ యను నర్థమిచ్చు పేరుతో ఒక గ్రంథము వెలువడెను. వారన్ హేస్టింగ్సు కోరికపై బంగాళమున పదునొకండ్రు పండితులు సంస్కృతమున కూర్చిన ‘వివాదార్ణవసేతువు’ దానికి మూలము. అది పారసీకములోనికి, పారసీకమునుండి ఇంగ్లీషులోనికి మారినది. ఇంగ్లీషు చేసినవాడు నథానియల్ హాల్‌హెడ్ అను పాతికేండ్లు నిండీ నిండని యువకుడు. పేరున జెంటూ శబ్దమున్నను ఆ గ్రంథమున తెలుగువారి ప్రసక్తి లేదు. అచ్చట జెంటూ యనగా హిందువు.

హాల్‌హెడ్ తన పీఠికలో ఈ మాటకు చేసిన వ్యుత్పత్తి చదివినపుడు నాకు నవ్వును వచ్చినది, జాలియు కలిగినది. ఆయన దీనిని సంస్కృతపు ‘జంతు’ శబ్దముతో ముడిపెట్టెను. జంతు వనగా ప్రాణి, సంకుచితముగా మనుష్యుడు. పోర్చుగీసువారు వచ్చిన క్రొత్తలో ఇచ్చటివారి నోట ఈ మాట పలుమారు విని దానినే వీరి పేరుగా గ్రహించి యుందురనియు, పిదప వారి మతావేశము దానిని అన్యమతస్థు డను నర్థమువైపు త్రిప్పి యుండుననియు ఆయన యూహ. సంస్కృతమున జంతు శబ్దమునకు మనుష్యార్థము గలదు, నిజమే. అయినను ఏ యూరి రేవులోనైన “మీ రెవరు?” అని యడిగినవానికి “మేము జంతువులము” అని బదులు చెప్పినవారుందురా? తెలుగువాని చెవికి ఆ మాట పశువునే స్ఫురింపజేయును. వ్యుత్పత్తి తలక్రిందులైనది. పోర్చుగీసు మాట ముందు, సంస్కృతపు పోలిక తరువాత. అయినను ఆ యువకుని యుద్దేశము చెడ్డది గాదు. ఈ ప్రజకు వీరి నోటిమాటనుండియే పేరు వచ్చి యుండవలెనని ఆయన కోరెను. ఆ కోరిక న్యాయమైనది, చూపిన ఆధారము పొరపాటు.

ఈ గ్రంథము తరువాత మాట బరువు మారినది. 1788లో హేస్టింగ్సు మీద పార్లమెంటున అభియోగ విచారణ ఆరంభమయ్యెను. ఎడ్మండ్ బర్కు తన ప్రసంగములలో, హిందూదేశమున నిరంకుశాధికారమే ధర్మమను వాదమును ఖండించుచు, మహమ్మదీయ ధర్మమునందు గాని జెంటూ ధర్మమునందు గాని అట్టి యధికారము లేదని వాదించెను. ఇచ్చట మనము కొంచెము ఆగి చూడవలెను. కమోయిన్షు కావ్యమున జెంటియు అనగా సత్యమతము లేనివాడు. బర్కు వాక్కున జెంటూ అనగా పాలకుని సయితము కట్టివేయగల ధర్మశాస్త్రము గలవాడు. మూలము ఒకటే, వాడినవాని ఎదుట నున్న వస్తువు వేరు. మొదటివాని ఎదుట తీరమున్నది, రెండవవాని ఎదుట ఒక గ్రంథమున్నది. చదువదగిన గ్రంథ మొకటి దొరకగానే, లేమిని జెప్పు మాట కలిమిని జెప్పు మాట యయ్యెను.

మరుసటి సంవత్సరము, 1789లో, ‘హార్ట్‌లీ హౌస్, కలకత్తా’ అను నవల వెలువడెను. కర్త్రి ఫీబీ గిబ్స్ అను నామె. పేరు వేయక ప్రకటించెను. కలకత్తాకు వచ్చిన సోఫియా యను ఆంగ్ల కన్యక వ్రాయు లేఖల రూపమున కథ నడచును. ఆమెకు ఒక బ్రాహ్మణ యువకునియందు గౌరవము కలిగి, జెంటూ మతమునందు మెప్పు పుట్టును. ఇందు మాటకు మార్దవము వచ్చినది. కాని ఆ మెప్పు దూరమునుండి కొండను చూచి మెచ్చుట వంటిది. కొండ నున్నగా కనబడుట దూరమువలననే. 1796లో ఎలిజబెత్ హామిల్టను ప్రకటించిన గ్రంథపు పేరున ‘హిందూ రాజు’ అని యున్నదే గాని ‘జెంటూ రాజు’ అని లేదు. శతాబ్దము ముగియుసరికి మొదటి యర్థమున జెంటూ శబ్దమునకు బదులు హిందూ శబ్దము స్థిరపడుచుండెను.

ఇక రెండవ యర్థము, అనగా మన యర్థము. హిందువు లందరికి చెల్లిన పేరు తెలుగువారికే యెట్లు మిగిలెను? యూల్, బర్నెల్ చెప్పిన కారణ మిది: పోర్చుగీసువారు వచ్చునాటికి దక్షిణమున విజయనగర ప్రభుత్వము ప్రబలమై యుండెను, దాని యధికారులు ఎక్కువగా తెలుగువారు, కావున జెంటూలలో ప్రధానులైనవారికే ఆ పేరు రూఢియై యుండును. ఈ మాట మనకు చెవికి ఇంపుగా నుండును. కాని విజయనగరమును ఒక్క తెలుగువారి సొత్తనుట న్యాయము గాదు. హంపి నేడు కర్ణాటకమున నున్నది. ఆ రాజుల శాసనములు కన్నడమునను, సంస్కృతమునను, తెలుగునను, తమిళమునను గలవు. తెలుగున ‘ఆముక్తమాల్యద’ రచించిన కృష్ణరాయలు కన్నడిగులకును తమ రాయలే. ఈ సంచిక చదువు కర్ణాటకపు సోదరులకు ఇరుగుపొరుగుతో ఈ వాదము కొత్త గాదు. పదకోశకర్తల కారణమును పూర్తిగా త్రోసివేయను, పూర్తిగా స్వీకరింపను.

నాకు దగ్గరగా తోచు కారణము చెన్నపట్టణమే. 1639లో ఇంగ్లీషువారికి ఆ స్థలము నిచ్చినవాడు దామెర్ల వేంకటాద్రి నాయకుడు. కోట చుట్టును దొరలకు ఎదురైన నాయకులలో, వర్తకులలో, దుబాసీలలో అనేకులు తెలుగు మాటాడువారు. అచ్చటి తమిళులను దొరలు ‘మలబారులు’ అనిరి. మలబారు కేరళతీర మన్న సంగతి మనకు తెలియును, ఆ పేరు తమిళులకు చెల్లదు. అనగా పొరపాటు మన యొక్కరి విషయముననే జరుగలేదు. ఇద్దరు పొరుగువారికి రెండు తప్పు పేర్లు పంచిపెట్టబడినవి. ఒకరికి తీరము తప్పినది, ఒకరికి దైవము తప్పినది.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన ఘట్టము ఇప్పుడు వచ్చుచున్నది. నాలుగు సంవత్సరములలో మన భాషకు ఇంగ్లీషున మూడు వ్యాకరణములు మూడు పేర్లతో వెలువడెను. 1814లో శ్రీరామపురమున విలియం కేరీ అచ్చొత్తించినది ‘తెలింగాణ భాష’ వ్యాకరణము. 1816లో చెన్నపట్టణమున ఏ. డి. క్యాంబెల్ ప్రకటించినది ‘తెలుగు భాష’ వ్యాకరణము. 1817లో అదే పట్టణమున విలియం బ్రౌను ప్రకటించినది ‘జెంటూ భాష’ వ్యాకరణము. భాష ఒక్కటే, కాలము ఒక్కటే, ముఖపత్రములు మాత్రము మూడు విధములు.

క్యాంబెల్ ముఖపత్రమును గమనింపుడు. భాషకు తెలుగు అని ముందు పేరు పెట్టి, తరువాత ‘సామాన్యముగా జెంటూ అని పిలువబడునది’ అను నర్థము వచ్చునట్లు చేర్చెను. గుమాస్తాపని చేసిన నాకు ఆ వరుస లోని విలువ తెలియును. దస్త్రమున అసలు పేరు మొదట వ్రాసి, వాడుక పేరును ‘ఉరఫ్’ అని తరువాత వ్రాయుదుము. రెండు వందల యేండ్లకు సమీపముగా వాడుకలో నున్న పేరును క్యాంబెల్ ఒక్క ముఖపత్రముతో ఉరఫ్ స్థానమునకు దింపెను. అంతకు పూర్వము 1728లో షుల్జ్ అను మతగురువు లాటిను భాషలో రచించిన వ్యాకరణమునకును తెలుగు శబ్దముతోడి పేరే యుండెను. భాష నేర్వబూనిన వారిలో కొందరు దాని పేరును ఆ భాష మాటాడువారి నోటనుండి గ్రహించిరి. అంతమాత్రమున నేర్చినవారందరును అట్లు చేసిరన రాదు. మరుసటి యేటనే విలియం బ్రౌను పాత పేరునే నిలిపెను గదా.

పేరు సరియైన గ్రంథముననే వంశమును సరియైనది. క్యాంబెల్ వ్యాకరణమునకు ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ ఒక ఉపోద్ఘాత వ్యాసము వ్రాసెను. తెలుగు సంస్కృతమునుండి పుట్టినది గాదనియు, తమిళ కన్నడాది భాషలతో గూడిన వేరొక కుటుంబమునకు చెందినదనియు ఆయన ధాతువులను, పదములను ప్రక్కప్రక్కన నుంచి నిరూపించెను. కాల్డువెల్లు ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము వెలువడినది 1856లో. దానికి నలువది యేండ్ల ముందే ఎల్లిస్ ఈ మాట చెప్పెను. చెప్పునపుడు బందరు నివాసి మామిడి వెంకయ్యగారి ‘ఆంధ్రదీపిక’ పీఠికనుండి తత్సమ తద్భవ దేశ్య విభాగమును సాక్ష్యముగా గైకొనెను. అనగా ఇంటివారిని అడిగెను. జెంటూ యను పేరు ఉన్నంతకాలము మనము ఎవరము గామో అదియే తెలిసినది. తెలుగు అను పేరు వచ్చిన పిదప మన కెవరెవరు చుట్టములో తెలిసినది. తమిళ కన్నడ దేశములలో నివసించు మనకు ఆ చుట్టరికము గ్రంథవిషయము మాత్రమే గాదు, ప్రతిదినమును వీథిలో పనికివచ్చునది.

ఈ మాట కథ విన్నవారిలో రెండు తెగలు గలరు. మా మిత్రుడొకరు విని మండిపడి, “మ్లేచ్ఛుడను తిట్టు మనకు అంటగట్టినారు, దాన్ని మళ్లీ తవ్వడమెందుకు?” అనెను. మరియొకరు పొంగిపోయి, “హిందువులందరి పేరు మన కిచ్చినారంటే మనమెంత గొప్పవారము!” అనెను. ఇద్దరును నాకు కావలసినవారే. ఇద్దరి మాటయు నాకు సరిపడలేదు. కోపగించిన మిత్రుడు మాట పుట్టుకను మాత్రమే చూచెను. బర్కు నోట అది తిట్టు గాదు, బ్రౌను ముఖపత్రమున అది తిట్టు గాదు. పొంగిన మిత్రుడు మాట వ్యాప్తిని మాత్రమే చూచెను. ఎదుటివాని యజాగ్రత్తవలన వచ్చిన పేరు మన ఘనతకు పత్రము కానేరదు. పరులు పెట్టిన పేరు మన స్వరూపము కంటె వారు నిలుచున్న చోటును ఎక్కువగా చెప్పును. జెంటూ శబ్దమును చదువవలసిన తీరు ఇదియని నా యభిప్రాయము.

మన యింటి పేర్లే చూడుడు. తమిళ సోదరులు మనల వడుగ రందురు. వడక్కు అనగా ఉత్తరము. వారు దక్షిణమున నిలిచి చూచిరి. ఒడియావారు తెలెంగా యందురు. బొంబాయికి పనికై పోయిన తెలుగువారు కామాఠీలైరి. కామాఠిపుర మను పేట వారి పేరనే యున్నది. చూచినవాడు పనిని చూచెను. యానాము చేరువనున్న కోరంగి రేవున ఓడ యెక్కినవారు బర్మాలో కోరంగీలైరి. చూచినవాడు రేవును చూచెను. బంగాళమున ఇంగ్లీషు తరహా దుస్తులు తొడిగిన సిపాయి ఏ దేశమువాడైనను తిలంగా యనబడెను. ఏలయన అట్టి సిపాయీలు మొదట చెన్నపట్టణపు వైపునుండి వచ్చిరి. చూచినవాడు దుస్తులను చూచెను. వీనిలో కొన్ని నిర్దోషములు, కొన్ని నొప్పించునవి. ఏదియు మన మంతయు గాదు.

ఇంతవరకు పరుల సంగతి. నా సంగతియు ఒకటి చెప్పవలెను. నేను ఉద్యోగమున ప్రవేశించిన మొదటి యేండ్లలో సేవా పుస్తకములకు నకళ్లు వ్రాయు పని నాకు పడెను. మా కార్యాలయమున ఒక తెలుగు బంట్రోతు ఉండెడివాడు. పాత కాగితములలో అతని పేరు తమిళ మర్యాదను అనుసరించి చివర నకారపు పొల్లుతో నుండెను. నేను ఉన్నది ఉన్నట్లు ఎత్తి వ్రాసితిని. అతడు ఎదుటనే నిలుచుండి యుండెను. అడుగుటకు ఒక నిమిషము చాలును. అడుగలేదు. అతడు పదవీవిరమణ చేసిన దినమున కాగితముల మీద సంతకము పెట్టుచు, “అయ్యా, మా నాయన పెట్టిన పేరులో ఆ పొల్లు లేదండీ” అని మెల్లగా అనెను. అది నింద గాదు, ఆలస్యముగా అందిన సమాచారము వంటిది. “ఇన్నేండ్లు చెప్పలేదేమి?” అంటిని. “మీరు తెలుగువారు గదా, మీకు తెలుసు ననుకొన్నా” ననెను. ఇంగ్లీషువారు మన పేరు తప్పు వ్రాసిరని విచారించుటకు నాకు గల హక్కు ఆ దినముననే సగము పోయినది. నేనును విలియం బ్రౌను కోవలోనివాడనే. వాడుకలో నున్న పేరు నా చేతికి సులువుగా వచ్చెను, వ్రాసితిని.

ఇక ఆ మాట నేటి స్థితి. మనుష్యులను విడిచి అది పక్షిని పట్టుకొని బ్రదికినది. ఫాక్‌లాండు దీవులలోను, దక్షిణ ధ్రువ ప్రాంతములోను నివసించు పెంగ్వినులలో ఒక జాతికి జెంటూ యని పేరు. దాని తలమీద కంటినుండి కంటివరకు తెల్లని పట్టీ యుండును. అది తలపాగవలె కనబడుటచే ఈ పేరు వచ్చినదని కొందరందురు. ఆ వాదము అందరును ఒప్పుకొన్నది గాదు. నీటిలో గంటకు 36 కిలోమీటర్ల వేగముతో ఈదగలదట. ఆ వేగమును మెచ్చియే మా కుమారుని కంప్యూటరు వ్యవస్థకు ఆ పేరు పెట్టిరి. తమాషా యేమనగా, 1781లో ఫోర్స్టర్ దానికి పెట్టిన శాస్త్రీయ నామమున పాపువా దేశపు పేరు గలదు. ఆ దేశమున ఆ పక్షియే లేదు. పాపము, దానికి రెండు పేర్లును పరుల పొరపాట్లే. పక్షి గనుక ఎవరికిని చెప్పుకొనలేదు.

మనము చెప్పుకొనగలము. మన పిల్లలు చదువు బడులలో, ఉద్యోగపు దరఖాస్తులలో, జనాభా లెక్కలలో మాతృభాష యను గడి యొకటి వచ్చును. తెలుగు ఇంట మాటాడుచునే, సులువుగా నుండునని చుట్టుప్రక్కల భాష పేరు అచ్చట నింపువారు మనలో లేకపోలేదు. వారిని నేను నిందింపను. ఆ గడిలో ఎవరి పిల్లల కే చిక్కు వచ్చునో వారికే తెలియును. కాని ఒకప్పుడు పరదేశి యైన క్యాంబెల్ వాడుక పేరును వెనుకకు నెట్టి అసలు పేరును ముందుంచిన శ్రమను తలచుకొన్న, మన చేతిలోని కలమునకు ఆ గడి బరువు కాదనుకొందును. అటులనే మన యింటికి, మన కొట్టుకు, మన బడికి వచ్చు ఇతర భాషలవారి పేరు వ్రాయవలసి వచ్చినపుడు, తెలియునను కొనక అడిగి వ్రాయుదము.

మా కుమారుడు ఇదంతయు విని, “అయితే నాన్నగారూ, ఈ వ్యవస్థ పేరు మార్చమంటారా?” అని నవ్వెను. వద్దంటిని. పేరు పక్షికి ఉండనిమ్ము, యంత్రమునకు ఉండనిమ్ము. ఎవరైన అడిగినపుడు దాని కథ చెప్పగలిగిన చాలును. మొన్న అతడు ఫోనులో మాటాడుచు, తనతో పనిచేయు ఒక మణిపురి యువకుని పేరును అందరును తప్పుగా పలుకుచుండిరనియు, తాను ఆ యువకునినే అడిగి సరిగా నేర్చుకొంటిననియు చెప్పెను.